ప్లాట్‌ఫామ్ మీద అప్పజెప్పిన వార్డు

ముందుగా ఒక మంచి కబురు. నేను రిటైరయ్యాను. కబురు అది కాదు, అది అందరికీ వచ్చేదే. రిటైరైన మూడో వారంలో తాడేపల్లిగూడెం దగ్గర ఒక నర్సింగ్ కాలేజీ వాళ్లు ఆఖరి సంవత్సరం పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే గేటుకి ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద నా ఫొటో, కింద నా పేరు, పేరు పక్కన బీఎస్సీ నర్సింగ్ అని పెద్దక్షరాలు. మా పుట్టింట్లో, మా అత్తగారింట్లో, రెండు వైపులా కలిపి డిగ్రీ తెచ్చుకున్న మొదటి మనిషిని నేను. నా పేరు పక్కన ఆ అక్షరాలు అంత పెద్దగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఫోన్ తీసి ఒకటే ఫొటోలు. చివరికి వాచ్‌మన్ వచ్చి, "మేడమ్, లోపల పిల్లలంతా కూచునున్నారండి, ఫ్లెక్సీ ఎక్కడికీ పోదండి," అన్నాడు.

లోపల గంటసేపు మాట్లాడాను. ఇంజెక్షన్ గురించి, ఓర్పు గురించి, నాకు తెలిసినవన్నీ చెప్పాను. అయ్యాక ప్రశ్నలడగమంటే వెనక వరసలో ఒకమ్మాయి లేచింది.

"మేడమ్, మాది గుండుగొలనండి. విజయవాడలో పెద్ద హాస్పిటల్ వాళ్లు రమ్మంటున్నారండి. మా ఊరి దగ్గర క్లినిక్కు వాళ్లూ రమ్మంటున్నారు. రోజూ అంత దూరం తిరిగి చెయ్యొచ్చాండి?"

ఆ ప్రశ్నకి నేను రెండు నిమిషాల్లో ఏదో చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. అదే ప్రశ్న నన్ను నా ముప్పై ఒకటో ఏట పట్టుకుంది. దానికి జవాబు తెలుసుకోవడంలో ఒక పెద్దాయన ప్రాణం మీదికి తెచ్చాను. రెండు నిమిషాల్లో అయ్యే జవాబు కాదది. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, ఆర్డర్లు ఇందులో ఉండవు. అవి సర్వీసు రిజిస్టర్లో ఉన్నాయి, ఎవరికీ పనికిరావు.

పది పడకల ఆసుపత్రి

మాది కలిదిండి దగ్గర. నాన్న చేపల చెరువు మీద పనిచేసేవాడు. సంచులకి చిల్లులు పెట్టి, చేపల మేతకని తవుడు నింపి, చెరువులో గుంజలకి కట్టేవాడు. అమ్మ నాట్లకి వెళ్లేది. మా సంఘం పాస్టరు గారు నా చేత జీఎన్‌ఎం దరఖాస్తు పెట్టించారు. జీఎన్‌ఎం అంటే నర్సింగ్ డిప్లొమా, డిగ్రీ కాదు. అది అయ్యాక పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చాను. ఇంటి నుంచి నడిచి పది నిమిషాల్లో చేరే ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. పది పడకలు, ఒక డాక్టరుగారు, మేం నలుగురు సిస్టర్లం.

అక్కడ తొమ్మిదేళ్లు చేశాను. డాక్టరుగారు మంచివారు. ఎప్పుడూ గట్టిగా ఒక మాట అనలేదు. కానీ ఆయన ఆసుపత్రిలో మొదటి ఏడాది నేర్చుకున్నదే తొమ్మిదో ఏడాది కూడా చేశాను. కష్టమైన కేసు వస్తే ఏలూరు పంపేసేవాళ్లం. మాకు మిగిలేవి జ్వరాలు, కట్లు, మామూలు కాన్పులు. నాకు పని వచ్చనే అనుకున్నాను. ఎవరూ అడగకపోతే ఎవరికైనా అన్నీ వచ్చినట్టే ఉంటుంది.

ఒకరోజు కాన్పయ్యాక ఒకామెకి రక్తస్రావం ఆగలేదు. అంబులెన్సులో నన్ను తోడిచ్చి ఏలూరులో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి పంపారు. గుమ్మంలోనే ఒక పెద్ద సిస్టర్ ఎదురొచ్చింది. మనిషి పొట్టి, కళ్లద్దాలు, చేతిలో కాగితం. స్ట్రెచర్ పక్కన నడుస్తూనే నన్ను నాలుగు ప్రశ్నలడిగింది. ఎంత రక్తం పోయిందంటావు? ఆఖరిసారి బీపీ ఎప్పుడు చూశావు? ఏ మందు ఇచ్చారు, ఎన్నింటికి ఇచ్చారు? మూత్రం వస్తోందా? రెండింటికే జవాబు చెప్పగలిగాను. మిగతా రెంటికీ, "తెలీదండి," అన్నాను.

ఆమె నన్ను కసురుకోలేదు. "సరే, ఇక మేం చూసుకుంటాం, నువ్వు కాస్త మంచినీళ్లు తాగు," అంది.

ఆ తల్లి బతికింది. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ అంబులెన్సులో నేను ఒక్కటే అనుకున్నాను. ఆ నాలుగు ప్రశ్నలూ అడిగే చోట నేను పనిచెయ్యాలి.

రెండు నెలల తర్వాత ఆ ఆసుపత్రిలో ఖాళీలున్నాయని తెలిసి ఇంటర్వ్యూకి వెళితే, బల్లకి అవతల ఆ కళ్లద్దాలావిడే కూర్చుని ఉంది. నర్సింగ్ సూపరింటెండెంటు మార్తమ్మ గారు.

"నువ్వు గూడెం అమ్మాయివి గదా. తెలీదండీ అన్నావు చూడు, ఆ అమ్మాయివి."

"అవునండి," అన్నాను, ఉద్యోగం పోయిందనుకుంటూ.

"తెలీనప్పుడు తెలీదని చెప్పేవాళ్లే కావాలి నాకు. సోమవారం వచ్చి చేరు."

రైలు మనుషులు

ఆ ఉద్యోగం నాకు ఎందుకు అంత గొప్పగా అనిపించిందో చెప్పాలి. జీతం ఎక్కువే. కానీ అసలు సంగతి అది కాదు. ఆ ఆసుపత్రి వాళ్లకి ఒక నర్సింగ్ కాలేజీ ఉంది. మూడేళ్లు పనిచేసిన డిప్లొమా సిస్టర్లు ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకుంటే, రెండేళ్లు చదువు సెలవిచ్చి బీఎస్సీ చదివించేవాళ్లు. డిగ్రీ! ఆ మాట ఇంటికొచ్చి ఎన్నిసార్లు చెప్పానో, మా అయిదేళ్ల పాప గ్రేసీ కూడా వీధిలో, "మా అమ్మ డిగ్రీ," అని చెప్పుకునేది.

కాకపోతే దూరం. గూడెం నుంచి ఏలూరుకి పాసింజరు రైలు. ఇంటి నుంచి స్టేషనుకి నడక, రైలు కోసం ఎదురుచూపు, ఉంగుటూరు, కైకరం, పూళ్ల, భీమడోలు, దెందులూరు అన్నిట్లో ఆగుతూ ప్రయాణం, దిగాక రిక్షా. మొత్తం కలిపి పోనూ రానూ నాలుగు గంటలు. మా ఆయన చేపల వ్యాను నడిపేవారు. ఒకసారి వెళితే మూడు రోజులకి గానీ వచ్చేవారు కాదు. ఇంట్లో మా అత్తయ్య, గ్రేసీ. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు.

వార్డులో మేం రెండు రకాలుగా ఉండేవాళ్లం. ఊళ్లోవాళ్లు, రైలు మనుషులు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు. రైలు మనిషి చేతి గడియారం చూసుకునే తీరు వేరుగా ఉంటుంది. బీపీ చూస్తున్నా, కట్టు కడుతున్నా ఒక కన్ను ముల్లు మీదే.

నాకు తోడు ఉంగుటూరు సుశీల. మగవాళ్ల సర్జికల్ వార్డు మా ఇద్దరిదీ. ఒక వారం తను పొద్దుటి డ్యూటీ, నేను మధ్యాహ్నం డ్యూటీ. మరుసటి వారం తారుమారు. పొద్దుటి డ్యూటీ రెండింటికి అయిపోతుంది. కానీ గూడెం వైపు పాసింజరు రెండుకి పది నిమిషాల ముందే ఏలూరు వదిలేస్తుంది. అది పోతే మళ్లీ సాయంత్రం ఆరింటి దాకా లేదు. నేను డ్యూటీకి వచ్చే రైలేమో ఒంటిగంటన్నరకి ఏలూరు చేరుతుంది.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. రెండో నెలలో సుశీలే దారి కనిపెట్టింది.

"ఒసే కరుణా, నువ్వు దిగేదీ ఇక్కడే, నేను ఎక్కేదీ ఇక్కడే. వార్డు ఇక్కడ అప్పజెప్పేస్తే పోలా?"

డ్యూటీ దిగే సిస్టర్ ఎక్కే సిస్టర్‌కి ఒక్కొక్క మంచం దగ్గరా నిలబడి రోగి పరిస్థితి చెప్పి అప్పజెప్పాలి. దాన్నే హ్యాండోవర్ అంటారు. మేం దాన్ని ఏలూరు స్టేషన్లో, నీళ్ల కొళాయి పక్క బెంచీ మీద చేసేవాళ్లం. సుశీల ఒంటిగంటంపావుకే వార్డు వదిలి వచ్చేసేది. చీటీ చూసి గడగడా చదివేది. తొమ్మిది మంచాలు, ఆరు నిమిషాలు. పక్కన చేపల గంపలవాళ్లు కూడా వినేవాళ్లు. ఒకామె ఒకసారి, "ఆరో నెంబరాయనకి తగ్గిందా తల్లీ?" అని మమ్మల్నే అడిగింది.

మేం లేని ఆ ముప్పావు గంట ఎదురు వార్డు విజయ రెండు వార్డులూ చూసేది. వాళ్లిల్లు ఆసుపత్రి వెనక వీధిలోనే. నేను గుమ్మంలో కనపడగానే చెయ్యి ఊపి వెనక గేటు నుంచి ఇంటికెళ్లిపోయేది. బదులుగా పండగలకీ పెళ్లిళ్లకీ ఆమె డ్యూటీలు మేం చేసేవాళ్లం. ఎనిమిది నెలలు ఇలా నడిచింది. ఎవరికీ చెడు తలపెట్టలేదు. పైగా ఎంత తెలివిగా సర్దుకున్నామో అని ముగ్గురమూ మురిసిపోయేవాళ్లం.

ఏడో మంచం

కొల్లేరు లంక గ్రామం నుంచి ఒక పెద్దాయన కాలి పుండుతో చేరాడు. చెరువు పట్టుబడిలో చేపలు లాగుతుంటే ముల్లు గుచ్చుకుంది. షుగరు ఉంది గనక అది మానలేదు, చీము పట్టింది. ఆపరేషన్ చేసి శుభ్రం చేశారు. పూటపూటా భోజనానికి ముందు ఇన్సులిన్. ఆయన భార్య పగలూ రాత్రీ మంచం పక్కనే కింద కూర్చుని ఉండేది. మేం ఏం చేసినా చేతులు జోడించేది తప్ప మాట్లాడేది కాదు.

ఆ రోజు బెంచీ మీద సుశీల చెప్పింది. "ఏడో మంచం తాతకి మధ్యాహ్నం ఇన్సులిన్ ఇంకా వెయ్యలేదే. భోజనం బండి ఆలస్యమైంది. కూడు రాగానే వేసెయ్యి."

నిజమే చెప్పింది. తను వార్డు వదిలేసరికి భోజనం రాలేదు.

తను వచ్చేశాక వచ్చింది. విజయ చూసుకుంది, ఇన్సులిన్ వేసింది. మందుల షీటు మీద సంతకం పెట్టబోతుంటే తన వార్డులో ఎవరో వాంతి చేసుకుని పడిపోయారని కేక వినపడింది. పరుగెత్తింది. తర్వాత నేను గుమ్మంలో కనపడ్డాను. ఎప్పటిలాగే చెయ్యి ఊపింది. అంతా సుశీల చెప్పే ఉంటుందని ఆమె నమ్మకం.

నేను మంచం దగ్గరికొచ్చాను. పళ్లెంలో అన్నం దాదాపు అలాగే ఉంది. పెద్దాయన, "ఈ కూర నోట్లోకి పోవట్లేదమ్మా," అన్నాడు. షీటు చూశాను, సంతకం లేదు. భోజనం ఇప్పుడే వచ్చిందనుకున్నాను. "కాస్త తినాలి తాతా," అని చెప్పి ఇన్సులిన్ వేశాను. సంతకం పెట్టాను.

ముప్పావు గంటకి ఆయన భార్య నా దగ్గరికొచ్చింది. ఆ వారంలో ఆమె నోరు తెరవడం అదే మొదటిసారి.

"ఏంటోనమ్మా, చెమటలు కారిపోతున్నాయి. పిలిస్తే ఏదేదో అంటన్నాడు."

వెళ్లి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. షుగరు చూస్తే బాగా పడిపోయింది. డ్యూటీ డాక్టరుని కేకేసి, నరంలోకి గ్లూకోజు ఎక్కించాం. ఆ కాసేపు నాకు గోడ గడియారం తప్ప ఇంకేమీ కనపడలేదు. పెద్దాయన నెమ్మదిగా కళ్లు తెరిచి నన్ను చూసి, "టీ ఇప్పిస్తావా అమ్మా," అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

డాక్టరు, "ఇన్సులిన్ ఎంత వేశారు?" అని అడిగితే చెబుతున్నాను. పెద్దాయన భార్య మధ్యలో అంది:

"రెండోసారి వేసిందేనాండి?"

"రెండోసారి ఏంటి పెద్దమ్మా?" అన్నాను.

"ఇందాక ఆ ఎదర వార్డు అమ్మ ఒకటేసింది గదా. మళ్లీ నువ్వేశావు. రెండేస్తారేమో అనుకున్నానమ్మా. మీకు తెలీదా ఏంటి!"

మీకు తెలీదా ఏంటి అన్నప్పుడు ఆమె గొంతులో వెటకారం లేదు. నిజంగానే మాకు తెలుసనుకుంది. రోగి పక్కనే ఉన్న ఒక మనిషికి అన్నీ తెలుసు. మేం ఆమెని ఒక్క మాట అడగలేదు.

ఆ సాయంత్రం, స్టేషను బెంచీ సంగతితో సహా, జరిగిందంతా మార్తమ్మ గారికి రిపోర్టు రాసిచ్చాను. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె డాక్టరు ముందు నోరు తెరవకపోతే నేను రాసేదాన్నా? షుగరున్న మనిషి సరిగా తినక షుగరు పడిపోయింది అంటే ఎవరూ కాదనరు. షీటు మీద ఒక్క సంతకమే ఉంది. రాసేదాన్ననే చెప్పాలని ఉంది. కానీ ఆ రోజు నా మనసులో మొదట మెదిలింది పెద్దాయన కాదు. ఉద్యోగం పోతే డిగ్రీ పోతుంది. అదే మెదిలింది. మీరూ అలాంటి రోజు చూస్తారు. అప్పుడు మీ మీద మీకు మరీ నమ్మకం పెట్టుకోకండి. కాగితం ముందు పెట్టుకుని రాసెయ్యండి. ఆలోచన తర్వాత.

బెంచీ మీద మార్తమ్మ గారు

మరునాడు మధ్యాహ్నం రైలు దిగి చూస్తే నీళ్ల కొళాయి పక్క బెంచీ మీద మార్తమ్మ గారు కూర్చుని జామకాయ తింటున్నారు. పక్కన సుశీల నిలబడి ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రా అమ్మా. ఇక్కడే గదా మీ వార్డు," అన్నారు. కోపంగా కూడా అనలేదు. "కానివ్వండి. నేనున్నానని మర్యాదలొద్దు, రోజూ ఎలా చెప్పుకుంటారో అలాగే చెప్పుకోండి."

సుశీల చీటీ తీసి తొమ్మిది మంచాలూ చెప్పింది. రైలొచ్చింది. "ఇవాళ్టికి ఎక్కు," అన్నారు మేడమ్ సుశీలతో. తర్వాత నన్ను రిక్షాలో ఎక్కించుకుని వార్డుకి తీసుకెళ్లారు. దారంతా జామకాయల ధర గురించి తప్ప మాట్లాడలేదు.

వార్డులో ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, "ఈయన గురించి నీకేం తెలుసు?" అని అడిగారు. సుశీల చెప్పింది చెప్పాను. మూడో మంచం, సెలైన్ సాగుతోంది అన్నాను. సూది పక్కకి జరిగి చెయ్యి వాచి ఉంది. అయిదో మంచం, జ్వరం లేదు అన్నాను. ఆయన రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాడు. ఎనిమిదో మంచం, హెర్నియా కేసు, రేపు ఆపరేషన్ అన్నాను. ఆ మంచం మీద నేనెప్పుడూ చూడని ఒకాయన కూర్చుని నా వైపు చూసి నవ్వాడు. హెర్నియా ఆయన్ని ఇందాకే కింది వార్డుకి మార్చారట. ఏడో మంచం దగ్గర మేడమ్ నన్ను ఏమీ అడగలేదు. పెద్దాయన భార్య పక్కన నేల మీద కూర్చున్నారు.

"పెద్దమ్మా, మీ ఆయనకి పొద్దుటి నుంచి ఏమేం చేశారో నువ్వు చెప్పు."

ఆమె వేళ్లు మడిచి వరసగా చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు. "ఇక మీద మా పిల్లలు ఏ మందు తెచ్చినా ఏంటది, ఎందుకు అని అడుగు. కోప్పడితే నా పేరు చెప్పు," అన్నారు మేడమ్.

తర్వాత నన్ను తన గదికి పిలిచారు.

"సుశీల అబద్ధం చెప్పలేదు. నువ్వు తప్పుగా వినలేదు. మీరిద్దరూ మంచి పనివాళ్లే. కానీ మీరు రైలెక్కి దిగేదాకా రోగి ఎలా ఉన్నవాడు అలా ఉండడమ్మా."

బల్ల మీదున్న నా రిపోర్టు మడిచి పక్కన పెట్టారు.

"నిన్ను తీసెయ్యను. కానీ ఈరోజు నుంచి అప్పజెప్పడం మంచం దగ్గరే, రెండింటికే. ఆ తర్వాత ఏ రైలుకి వెళ్తావో నీ ఇష్టం. ఇంట్లో కుదరదంటే తప్పు పట్టను. గూడెంలో మంచి చోటికి నేనే ఉత్తరం రాసిస్తాను. నెలాఖరులోగా చెప్పు."

నేను చేరి అప్పటికి పది నెలలు. ఉద్యోగం వదిలితే డిగ్రీ వదిలినట్టే. మధ్యాహ్నం డ్యూటీ వారాల్లో ఎలాగూ రాత్రే చేరుతున్నాను. ఉంచుకుంటే పొద్దుటి డ్యూటీ ఉన్న వారం కూడా మూడున్నరకి బదులు రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాలి.

ఇంట్లో

మా అత్తయ్యకి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తిరిగాను. ఆమె ఒప్పుకోదనీ, పిల్లదాన్ని చూసుకోలేనంటుందనీ, ఇదంతా ఎందుకంటుందనీ నాలో నేనే ఆమె తరఫున వాదించుకున్నాను. మూడో రోజు ఆమె బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పేశాను. పెద్దాయన సంగతి వినగానే చేట పక్కన పెట్టేసింది.

"ఆయన బానే ఉన్నాడా?"

"బానే ఉన్నాడు అత్తయ్యా. ఇక ఆ రైలుకి రావడం కుదరదు. రాత్రి ఎనిమిదవుతుంది."

"అయితే ఏంటంట?"

"గ్రేసీకి..."

"గ్రేసీకి అన్నం పెట్టేదెవరు? నేను. బడి నుంచి తెచ్చేదెవరు? నేను. మూడున్నరకొచ్చి నువ్వు చేసేదేముంది, పడుకున్న పిల్లని లేపి ముద్దులాడ్డం తప్ప! అది మళ్లీ నిద్రపోక నా ప్రాణం తీస్తంది."

"మీరు కోప్పడతారనుకున్నాను," అన్నాను.

"నేనెప్పుడన్నా మూడింటికి రమ్మన్నానా అమ్మాయ్? నువ్వే ఆ రైలు, ఆ రైలు అని పరుగెట్టేదానివి. మీ ఆసుపత్రి రూలేమో అనుకున్నాను నేను." చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "ఒకటి మాత్రం చెప్తున్నా. పొద్దున్నే కూర వండి పెట్టి పో. ఈ మోకాళ్లతో పొయ్యి దగ్గర నిలబడ్డం నావల్ల కాదు."

ఎనిమిది నెలలు నేను ఒక రైలు కోసం వార్డుని ముప్పావు గంట ముందే వదిలేశాను. ఆ రైలు ఎవరికీ అక్కర్లేదు. తల్లిని గనక ఇంటికి పరుగెత్తాలి అని నాకు నేను పెట్టుకున్న భయానికి తప్ప.

సుశీల సంగతి అలా కాదు. వాళ్ల మామగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. సుశీల మధ్యాహ్నం డ్యూటీ వారాల్లో వాళ్లాయన మిల్లులో షిఫ్టు మార్చుకుని ఇంట్లో ఉండేవాడు. మిగతా వారాల్లో మధ్యాహ్నం మూడింటి దాకా పక్కింటావిడ చూసేది, ఆ తర్వాత ఎవరూ లేరు. ఆ రైలు తప్పితే ఆయన తడిసిన పక్క మీద రాత్రి దాకా పడి ఉండాలి. నెలాఖరుకి సుశీల మేడమ్ దగ్గర ఉత్తరం రాయించుకుని గూడెంలో ఒక క్లినిక్కులో చేరిపోయింది. చాలామంది పాపం అన్నారు. నేనలా అనను. మా ఇద్దరిలో చెయ్యి తేలికైనది తనదే. మా అమ్మ ఆఖరి రోజుల్లో నేను పిలిపించుకున్నది సుశీలనే. తను సరిగ్గా లెక్కేసుకుంది.

అందుకే గుండుగొలను అమ్మాయికి, తన లాంటి వాళ్లకి నేను చెప్పేది ఇది. ఎన్ని గంటలు ప్రయాణం అన్నది అసలు లెక్క కాదు. అది అలవాటైపోతుంది. మీరు ఎక్కాల్సిన రైలు ఒకరోజు తప్పిపోతే ఇంట్లో ఏమవుతుందో అది చూసుకోండి. ఊహించుకోవడం కాదు, ఇంట్లోవాళ్లని నోరు తెరిచి అడగండి. నిజంగా ఎవరైనా నలిగిపోతారంటే ఆ ఉద్యోగం ఎంత గొప్పదైనా మీది కాదు. ఎందుకంటే ఆ రైలు అందుకోవడానికి మీరు ఎక్కడో ఒకచోట నిమిషాలు దొంగిలిస్తారు, ఆ నిమిషాలు మంచం మీదున్న మనిషివి. ఏమీ కాదంటే మాత్రం వెళ్లండి. హాయిగా వెళ్లండి. దగ్గరుంది కదా అని తొమ్మిదేళ్లు ఒకే పని చేసినదాన్ని చెబుతున్నాను.

నాకు ఏమొచ్చిందో ఏం పోయిందో కూడా చెప్పేస్తాను. పొద్దుటి డ్యూటీ వారాల్లో ఆరింటి రైలు దాకా మూడు గంటలు ఖాళీ. ఆసుపత్రి మెట్ల కింద గదిలో కూర్చుని ఎంట్రన్స్ పుస్తకాలు చదివాను. రెండేళ్లకి పైగా చదివాను. సీటొచ్చింది, డిగ్రీ వచ్చింది. పట్టా అందుకున్న రోజు మా నాన్న కలిదిండి నుంచి చెరువు పని మానుకుని వచ్చి, దాన్ని చేత్తో తాకడానికి భయపడి తువ్వాలుతో పట్టుకున్నాడు. పోయింది ఏమిటంటే, గ్రేసీ కొన్నాళ్లు దెబ్బ తగిలితే నా దగ్గరికి రాలేదు, నాయనమ్మ దగ్గరికే వెళ్లేది. నేను పక్కనే నిలబడి ఉన్నా సరే. దానికి ఇప్పుడు ఎవరూ నన్ను తప్పుపట్టరు, గ్రేసీ కూడా. నాకు మాత్రం గుర్తుంది.

మొదటి రోజు

మంచం దగ్గర అప్పజెప్పడం మొదలయ్యాక, వారం మారి నాకు వచ్చిన మొదటి పొద్దుటి డ్యూటీ అది. సరిగ్గా రెండింటికి సుశీల వచ్చింది. మార్తమ్మ గారు గుమ్మంలో నిలబడతారేమో అనుకున్నాం. రాలేదు.

మొదటి మంచం నుంచి మొదలుపెట్టాం. స్టేషన్లో ఆరు నిమిషాలు పట్టేది ఇక్కడ అరగంట పడుతుంది. చెప్పబోయేలోపు రోగే చెప్పేస్తాడు, లేదా పక్కవాళ్లు చెబుతారు. ఏడో మంచం దగ్గరికొచ్చేసరికి పెద్దాయన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"మధ్యాహ్నం ఇన్సులిన్ పన్నెండున్నరకి వేశాను," అని సుశీలకి చెప్పాను.

"పన్నెండున్నర కాదమ్మా," అంది ఆమె.

ఇద్దరం ఆమె వైపు తిరిగాం. చేతులు జోడించబోయి మానేసింది.

"ఒంటిగంట కొట్టాకేశావు. భోజనం బండొచ్చింది గదా, ఆ తర్వాత."

షీటు చూశాను. ఒంటిగంటా అయిదు నిమిషాలు, నా సంతకమే. పన్నెండున్నరకి వేసింది నాలుగో మంచానికి, వేరే ఇంజెక్షను. "పెద్దమ్మ చెప్పిందే నిజం," అన్నాను. సుశీల రాసుకుంది.

"తిన్నాడా మరి?" అని సుశీల ఆమెనే అడిగింది.

"సగం తిన్నాడు. మజ్జిగ పోశాను. తాగాడు." వేళ్లు మడుస్తూ చెప్పింది. చెప్పడం అయ్యాక గోడ గడియారం వైపు చూసి కంగారుపడింది. "నీ రైలెల్లిపోయి ఉంటదేమోనమ్మా! నా మాటల్లో పడి..."

"వెళ్లిపోయింది పెద్దమ్మా."

"అయ్యో. మరెలా?"

"సాయంత్రం ఇంకోటుంది."

ఆమె మంచం కింద నుంచి స్టూలు లాగి, కొంగుతో తుడిచి, నా వైపు జరిపింది.

"అయితే కూచో," అంది.

ఇంకా రెండు మంచాలు మిగిలి ఉన్నాయని చెప్పి, ముందుకి నడిచాను.